దొడ్లో పుట్టిన పొదుపు: మన పెరటి తోటల చరిత్ర



వార్షిక నివేదిక అంటే పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత, బ్యాంక్ లింకేజి ఎంత అనే పట్టికలు ఉంటాయి. అవి ఉండాల్సిందే. లెక్క రాయని సంఘం నిలబడదని మనందరికీ తెలుసు. అయితే ఆ పట్టికల్లోకి ఎక్కని పొదుపు ఒకటుంది. దొడ్లో కరివేపాకు చెట్టు, నాలుగు వంగ మొక్కలు, ఒక సొర పాదు ఉన్న ఇల్లాలు ఏడాది పొడుగునా కొనకుండా మిగుల్చుకున్న డబ్బు ఏ పాసు పుస్తకంలోనూ కనపడదు. కనపడదు కాబట్టి దాన్ని ఎవరూ పొదుపు అనరు. "ఆవిడ ఇంట్లో ఊరికే ఉంటుంది" అంటారు.

ఈ ఏడాది సంపుటిలో ఆ కనపడని పొదుపు చరిత్ర రాద్దామనుకున్నాం. కృష్ణా పశ్చిమ డెల్టాలో, మన నందివెలుగు, తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు ఆడవాళ్లు పెరటిని ఎట్లా వాడుకున్నారు, అది ఎందుకు తగ్గిపోయింది, మళ్లీ ఎట్లా వస్తోంది అన్నది చెప్పుకుందాం. చివర్లో మనం చేసుకోగల పనులు కొన్ని రాశాం. చరిత్ర తెలిస్తే ఆ పనులు ఎందుకు చేయాలో కూడా తెలుస్తుందని ముందు చరిత్రే చెబుతున్నాం.

కరువు నేర్పిన పాఠం

ఇప్పుడు మన చుట్టూ కాలవలే. తెనాలి ఊళ్లోంచే మూడు కాలవలు పోతాయి. కానీ ఈ నేల ఎప్పుడూ ఇట్లా లేదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను కరువు తుడిచిపెట్టింది. నందన కరువు అని, డొక్కల కరువు అని పెద్దవాళ్లు చెప్పుకున్నది దాన్నే. అప్పటి గుంటూరు జిల్లా జనాభా సుమారు ఐదు లక్షలు. అందులో లక్షన్నర మందికి పైగా చనిపోయారని చరిత్రకారులు రాశారు. కృష్ణ పక్కనే పారుతోంది, కానీ పొలానికి నీళ్లు ఎక్కే దారి లేదు.

ఆ కరువు తర్వాత ఇరవై ఏళ్లకు గానీ ఆనకట్ట రాలేదు. ఆర్థర్ కాటన్ దొర చేసిన ఆలోచన ప్రకారం, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. కాలవలు తవ్వారు. మెట్ట పైర్లు పండే నేల మాగాణి అయింది. వరి వచ్చింది. శివరామకృష్ణుల గుడి మాన్యం నుంచి చిన్న రైతు చెలక దాకా అంతా వరి వైపు తిరిగింది.

వరి అన్నం పెడుతుంది. అన్నంలోకి కూర పెట్టేది మాత్రం పెరడే. కాలవ మగవాళ్ల పొలానికి నీళ్లిస్తే, ఆ పొలం గట్టు నుంచి ఇంటి గోడ దాకా ఉన్న కాస్త నేలలో ఆడవాళ్లు ఇంకో సేద్యం చేసుకున్నారు. దానికి శిస్తు లేదు, పట్టా లేదు, లెక్కా లేదు.

దొడ్డే మొదటి బ్యాంకు

పాత దొడ్డిని ఒకసారి తలుచుకోండి. బావి గట్టు నుంచి, స్నానాల గది నుంచి వచ్చే నీళ్లు వృథాగా పోయేవి కావు. అవి అరటి బోదెకు పోయేవి. అరటి పక్కన చామ, కంద. తడి ఎక్కువైనా తట్టుకునే మొక్కలు అక్కడ, తడి పడని మునగ దూరంగా మూల మీద. వంటింటి వెనక కరివేపాకు. గోడవార గోంగూర, బచ్చలి. పాక మీదకు పాకించిన గుమ్మడి, ఆనప. పందిరి మీద చిక్కుడు, పొట్ల. పొట్లకాయ వంకర తిరగకుండా చివర చిన్న రాయి కట్టేవాళ్లు.

బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు కుడితి గోళెంలోకి. కుడితి గేదెకు. గేదె పేడ కొంత పిడకలకు, కొంత ఎరువు దిబ్బకు. పిడకలు కాలిన బూడిద మళ్లీ మూడు పనులకు: అంట్లు తోమడానికి, చిక్కుడు పాదు మీద పేను పడితే చల్లడానికి, విత్తనాలు పురుగు పట్టకుండా కలిపి దాచడానికి. ఇంట్లోంచి బయటకు పారేసే చెత్త అంటూ దాదాపు ఉండేది కాదు. ఇవాళ చెత్త నుంచి సంపద అని కేంద్రాలు కట్టుకుంటున్నాం. ఆ పని మన అమ్మమ్మలు పేరు పెట్టకుండా చేశారు.

కాసినప్పుడు తిని, కాయనప్పుడు పస్తుండటం కాదు వాళ్ల పద్ధతి. కాపు ఎక్కువగా ఉన్న రోజుల్లో వంకాయ, కాకర, గోరుచిక్కుడు ముక్కలు ఉప్పు వేసి ఎండబెట్టి వరుగులు చేసేవాళ్లు. బూడిద గుమ్మడితో వడియాలు. గోంగూర, చింతకాయ, మామిడి ఏడాది పచ్చళ్లు. కోతకు ముందు వరి చేలో చల్లిన మినుములు, పెసలు మంచు తేమతోనే పండి పప్పు గింజలిచ్చేవి. వరి కోసిన మాగాణిలో అపరాలు పండించడం మన డెల్టా రైతుల ప్రత్యేకత. ఆ మినుములే వడియాలకు, ఇడ్లీకి, బాలింతల సున్నుండకు.

ఇదంతా డబ్బు ముట్టుకోకుండా జరిగిన వ్యవహారం. నాలుగు సొరకాయలు పక్కింటికిస్తే వాళ్లింటి నుంచి రెండు తవ్వల పెసలు వచ్చేవి. ఇచ్చిపుచ్చుకోవడంలో వడ్డీ లేదు, మాట పట్టింపు మాత్రం ఉంది. మన సంఘంలో అంతర్గత అప్పు అంటున్నాం కదా, దాని వేరు ఇక్కడే ఉంది.

గింజ దాచిన చేతులు

దొడ్డి సేద్యంలో పెద్ద విద్య విత్తనం. మొదటి కాపులో ఏపుగా, నిండుగా ఉన్న కాయను కొయ్యకుండా వదిలేసి, పాదు మీదే ముదరనిచ్చేవాళ్లు. ఎండిన ఆనపకాయ బుర్రలోనే గింజలు పెట్టి పొయ్యి పైన పొగ తగిలేచోట వేలాడదీసేవాళ్లు. పొగకు పురుగు రాదు. పెళ్లయి అత్తారింటికి పోయే పిల్లకు పుట్టింటి నుంచి చీర సారెతో పాటు చిక్కుడు గింజలో, వంగ విత్తనమో కొంగున కట్టుకుపోవడం మామూలే. అట్లా ఊరి నుంచి ఊరికి రకాలు పాకినాయి.

మన పండుగల్లోనూ మొక్కలున్నాయి. పోలాల అమావాస్యకు కంద పిలకకు పూజ చేస్తాం. పూజకు కంద కావాలంటే దొడ్లో కంద ఉండాలి. ఉండ్రాళ్ల తద్దెకు తెల్లారకముందే గోంగూర పచ్చడితో అన్నం తింటారు. ఉగాదికి వేపపువ్వు, కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం. ఏ మొక్కా దొడ్లోంచి, ఊళ్లోంచి పూర్తిగా మాయం కాకుండా ఏడాదికొకసారి దాన్ని వెతికించే ఏర్పాటు ఇది. దుగ్గిరాల, కొల్లిపర వైపు ఇప్పటికీ కంద, పసుపు పొలాల్లోనే పండిస్తున్నారు.

అట్లాగని దొడ్డి పాతదానికే అంటుకుని కూచోలేదు. గుంటూరు అంటే మిరపకాయ అంటారు. ఆ మిరపకాయ మన దేశంది కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల మీద, అంటే 1498లో వాస్కో డ గామా వచ్చిన తర్వాతే, మన దేశానికి చేరింది. అంతకు ముందు కూరలో కారానికి మిరియాలే. టమాటా, జామ, బొప్పాయి, వేరుసెనగ కూడా అక్కడి నుంచి వచ్చినవే. టమాటాకు మన పెద్దలు రామములగ అని పేరు పెట్టుకున్నారు. కొత్త గింజ వస్తే ఓ మూల వేసి చూడటం, బాగుంటే దాచడం, లేకపోతే వదిలేయడం అనే పరిశోధన ఊరూరా దొడ్లలో జరిగింది.

దొడ్డి లేనివాళ్ల మాట

చరిత్ర చెప్పుకునేటప్పుడు ఒక నిజం దాచకూడదు. పైన రాసిన దొడ్డి అందరికీ లేదు. భూమి ఉన్నవాళ్లకు పెద్ద దొడ్డి ఉండేది. కూలి కుటుంబాలకు, దళితవాడల్లో వాళ్లకు గుడిసె వేసుకోను చోటే కరువు. బావి నీళ్లు తోడుకునే హక్కు కోసమే కొట్లాడాల్సిన రోజులవి. వాళ్లు పాదు ఎక్కడ పెడతారు?

వాళ్ల పెరడు పొలం గట్టే. కలుపుకు, నాట్లకు పోయిన ఆడవాళ్లు ఇంటికొచ్చేటప్పుడు ఒడినిండా పొన్నగంటి, గంగపాయల కూర, తుమ్మి కూర, అటికమామిడి, చెంచలి కోసుకొచ్చేవాళ్లు. కాలవ గట్టు అవిశాకు, ములగాకు సరే సరి. ఇప్పుడు డాక్టర్లు రక్తహీనతకు ఆకుకూర తినమంటున్నారు. ఆనాడు చేతిలో డబ్బు లేని తల్లి తన పిల్లలకు పెట్టింది ఆ ఆకుకూరే. తర్వాత గట్ల మీద కలుపు మందు కొట్టడం మొదలైనప్పుడు ముందు నష్టపోయింది కూడా ఆవిడే. ఆ నష్టం ఏ లెక్కలోనూ రాయలేదు.

స్వదేశీ రోజులు, యుద్ధం రోజులు

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశమై, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు వసూలు చేయాలని, దేశంలో 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానం చేసింది. ఆ ఏడాదే మన పక్క చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఊళ్లు ఖాళీ చేసి రామనగర్‌లో పాకలేసుకున్నారు. రేపల్లె దగ్గర కావూరులో స్వామి సీతారాంగా పేరుపడ్డ గొల్లపూడి సీతారామశాస్త్రి గారు వినయాశ్రమం పెట్టారు. మన ఊళ్లో వడికిన నూలు మనం కట్టుకోవాలి, మన నేలలో పండింది మనం తినాలి అన్న మాట ఆ రోజుల్లో ఇంటింటికీ చేరింది. పొదుపుగా బతకడం పేదరికం గుర్తు కాదు, ఆత్మగౌరవం గుర్తు అన్న భావం అక్కడ బలపడింది.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. 1943లో బెంగాల్‌లో కరువుతో లక్షల మంది చనిపోయారు. ఆ కాలంలోనే మన దేశంలో 'ఎక్కువ ఆహారం పండించండి' అని ప్రభుత్వం ప్రచారం పెట్టింది. అటు ఇంగ్లండులో పార్కులు, ఇళ్ల ముందు పచ్చిక తవ్వి కూరగాయలు వేశారు. అమెరికాలో 1943 నాటికి సుమారు రెండు కోట్ల ఇళ్ల తోటలు లేచాయని, ఆ దేశం తిన్న తాజా కూరగాయల్లో నూటికి నలభై పాళ్లు వాటి నుంచే వచ్చాయని అంచనా వేశారు. డబ్బున్న దేశం కూడా కష్టం వచ్చేసరికి పెరటి వైపే చూసింది. యుద్ధం అయిపోగానే ఆ తోటలు చాలావరకు పోయాయి. కష్టం తీరగానే పెరటిని మర్చిపోవడం ఒక్క మన అలవాటే కాదన్నమాట.

బియ్యం పెరిగింది, పెరడు తగ్గింది

1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల పెట్టారు. 1957 నాటికి పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం, తిండిగింజల కొరత ఒకేసారి వచ్చినప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు సోమవారం రాత్రి ఒక పూట భోజనం మానమని దేశాన్ని కోరారు. ఆ తర్వాత పొట్టి రకాల వరి, ఎరువులు, పురుగు మందులు వచ్చాయి. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, మనం బి.పి.టి. అని పిలుచుకునే 5204 రకం, దేశమంతా పాకింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలైంది.

ఇందులో మేలు చాలా ఉంది. నందన కరువు లాంటిది మళ్లీ మన నేల చూడలేదు. పేదింట్లో పొయ్యి వెలిగింది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడటం తప్పు.

కానీ అదే కాలంలో ఇంకొన్ని జరిగాయి. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయాయి, మేపలేక గేదెలు తగ్గాయి, దాంతో దిబ్బ పోయింది. దిబ్బ పోతే దొడ్డికి ఎరువు లేదు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడల్లా ముందు చీలింది దొడ్డే. పాక పోయి స్లాబు వచ్చాక గుమ్మడి పాకే చోటు పోయింది. ఇంటి చుట్టూ సిమెంటు చేయించడం నీటుకు గుర్తయింది. బియ్యం చవగ్గా దొరికింది గానీ కూరగాయ బజారుకు పోయింది. చేతిలో డబ్బున్న రోజు కూర, లేని రోజు పచ్చడి మెతుకులు. గ్యాసు పొయ్యి మన కళ్లు కాపాడింది, అది మంచి మార్పే. బూడిద మాత్రం పోయింది.

ఒక్కటి గమనించండి. వీటిలో ఏదీ ఆడవాళ్లు కూచుని నిర్ణయించింది కాదు. దొడ్డి మన పని అయినా, దొడ్డిని ఉంచాలా తీసేయాలా అన్న మాట మనది కాలేదు.

రూపాయి పొదుపు

1982-83లో గ్రామీణ ప్రాంతాల ఆడవాళ్ల కోసం డ్వాక్రా పథకం వచ్చింది. మన రాష్ట్రంలో అది ఊపందుకున్నది నెల్లూరు జిల్లా ఆడవాళ్ల వల్ల. 1990 తర్వాత అక్షర దీపం రాత్రి బడుల్లో 'సీతమ్మ కథ' అన్న పాఠం చదువుకున్న ఆడవాళ్లు, మా ఊరి సారా సంగతేంటని అడిగారు. దూబగుంట ఊరు, అక్కడి రోశమ్మ గారు ఆ ఉద్యమానికి గుర్తుగా నిలిచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఆగింది కదా, దాన్ని ఏం చేద్దామని అడిగితే వచ్చిన జవాబే రోజుకొక రూపాయి దాచే 'పొదుపు లక్ష్మి'. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టింది. 2000లో 'వెలుగు' పథకం, సెర్ప్ సంస్థ వచ్చాయి. గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అనే మెట్లు కట్టుకున్నాం. మన ఊరి పేరులో ముందే ఉన్న వెలుగు ఇట్లా ఇంకోసారి వచ్చింది.

ఆ మొదటి రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. కూలి డబ్బు పెరగలేదు. పంట ధర పెరగలేదు. కొన్నిళ్లలో సారా ఆగింది. మిగతా ఇళ్లలో గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టారు, రెండు కోడిగుడ్లు అమ్మారు, దొడ్లో ములక్కాయలు అమ్మారు. మిజోరంలో చర్చి ఆడవాళ్లు 1910 నుంచి పూటపూటా వంటకు ముందు గుప్పెడు బియ్యం తీసి పెట్టి, అవి అమ్మి పెద్ద పెద్ద పనులు నడిపారు. ఎక్కడ చూసినా ఆడవాళ్ల పొదుపు వంటింట్లో, దొడ్లో పుట్టి తర్వాత బ్యాంకుకు పోయింది.

ఇది మర్చిపోతే ఏమవుతుందో 2010లో చూశాం. వారం వారం కిస్తీ కట్టే సూక్ష్మ రుణాలు ఒకదాని మీద ఒకటి తీసుకుని ఎన్నో కుటుంబాలు కూలిపోయాయి. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అప్పు తేలిగ్గా దొరకడం వేరు, రోజు ఖర్చు తగ్గడం వేరు. రోజు ఖర్చు తగ్గించే ఆధారం ఇంట్లో లేకపోతే అప్పు కూరగాయలకే అయిపోతుంది.

మందుల్లేని సాగు, మళ్లీ పెరట్లోకి

మెతుకు సీమలో, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల దళిత ఆడవాళ్ల సంఘాలు 1980ల నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి జొన్న, కొర్ర, పప్పు గింజల రకాలు ఎన్నో దాచారు. విత్తనం కొనరు, అమ్మరు. తీసుకున్నవాళ్లు పండాక కలిపి తిరిగిస్తారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఖమ్మం వైపు పునుకులలో పురుగు మందుల అప్పులు, చావులు చూసి విసిగిన ఆడవాళ్ల సంఘాలు పట్టుబట్టి ఊరు మొత్తం మందులు మానేలా చేశాయి. అది 2003, 2004 ప్రాంతం. అక్కడి అనుభవంతోనే మన సమాఖ్యల ద్వారా మందుల్లేని సేద్యం వేరే ఊళ్లకు పాకింది. తర్వాత రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. ఒకప్పుడు పోర్చుగీసు ఓడ మనకు మిరప గింజ తెచ్చింది. ఇప్పుడు మన ఆడవాళ్ల సాగు అక్కడికి పోయి బహుమతి తెచ్చింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు బజారు మూతపడితే దొడ్డి ఉన్న ఇల్లు ఎంత నిబ్బరంగా ఉందో మనం కళ్లతో చూశాం. అదే ఏడాది డిసెంబరు నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ల పేరున ఇంటి స్థలాలిచ్చారు. పల్లెల్లో సెంటున్నర, అంటే 72 గజాల చిల్లర. పేరు మనది కావడం చరిత్రలో పెద్ద అడుగు. కానీ సెంటున్నరలో ఇల్లు పోను మిగిలేది ఎంత? కాబట్టి ఇప్పటి పెరటి విద్య పాత పెద్ద దొడ్డి విద్య కాదు. గోడ, మెట్లు, డాబా, తొట్టి, పందిరి వాడుకునే విద్య.

ఇప్పుడు మనం చేయగలిగింది

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు ఒక్కొక్కరు రోజుకు ఆకుకూరలు, కూరగాయలు కలిపి 400 గ్రాములు తినాలి. నలుగురున్న ఇంటికి కిలో ఆరు వందల గ్రాములు. అంతా చిన్న పెరట్లో పండదు. ఆకుకూర, కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిరప, ఒకటి రెండు పాదులు ఇంట్లోవి చేసుకుంటే చాలు. వాటికి రోజుకు 20 రూపాయలు అవుతున్నాయనుకోండి, ఏడాదికి 7,300 రూపాయలు.

నేల: మనది నల్లరేగడి. వానాకాలం నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. జానెడు ఎత్తు మడి కట్టి వేయాలి. డాబా మీద వాళ్లు పాత బక్కెట్లు, బియ్యం సంచులు వాడుకోవచ్చు. అడుగున నీళ్లు పోయే బెజ్జాలు తప్పనిసరి. తొట్లు గోడ మీదకు, దూలాల మీదకు వచ్చేలా సర్దితే స్లాబు మీద బరువు తగ్గుతుంది.

కాలం: మృగశిర, ఆరుద్ర కార్తెల్లో సొర, బీర, కాకర, పొట్ల గింజలు, గోంగూర వేయాలి. శ్రావణంలో చిక్కుడు పెడితే సంక్రాంతికి కాపు మీద ఉంటుంది. మెంతి, కొత్తిమీర, పాలకూర చలికాలానికి. తోటకూర ఎప్పుడైనా వేయొచ్చు, నెల లోపే కోతకు వస్తుంది. ఒక్కసారే అంతా చల్లకుండా పది రోజులకొక మడి చల్లితే నెలంతా కూర ఉంటుంది. తుపానుల కాలం అక్టోబరు, నవంబరు. పందిరి గుంజలు అంతకు ముందే గట్టి చేసుకోవాలి.

నీళ్లు: బియ్యం, కూరగాయలు కడిగినవి ఆకుకూరలకు. స్నానం, బట్టల నీళ్లు అరటికి, కందకు, చామకు. సబ్బు నీళ్లు ఆకుకూర మడికి పోయకూడదు.

ఎరువు: ద్రవ జీవామృతం ఎకరానికి 200 లీటర్లు చేస్తారు. పెరటికి 10 లీటర్లు చాలు. దానికి అర కిలో పేడ, అర లీటరు పశువు మూత్రం, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల పప్పు పిండి, గట్టు మీది మట్టి చిటికెడు. నీడలో రెండు రోజులు ఉంచి, పూటపూటా కర్రతో తిప్పాలి. గేదె లేనివాళ్లు ఉన్నవాళ్ల దగ్గర పేడ అడిగి తెచ్చుకోండి. సంఘం అంటే అదే కదా.

పురుగు: పేనుకు బూడిద. రసం పీల్చే పురుగులకు 50 గ్రాముల వేప గింజల పొడి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం చల్లాలి. తెల్ల దోమకు పసుపు రంగు రేకు మీద ఆముదం పూసి మొక్కల మధ్య వేలాడదీస్తే దోమ అంటుకుపోతుంది.

విత్తనం: నాటు రకం గింజ పెట్టండి. సంకర రకం గింజ దాచితే మళ్లీ అదే కాయ రాదు. ప్రతి పాదు మీద ఒక కాయ విత్తనానికి వదలాలి. ఎండబెట్టి, బూడిద కలిపి, సీసాలో మూత బిగించి, పేరు, నెల రాసి పెట్టుకోవాలి.

ఎవరి కడుపు మాడ్చి పొదుపు?

చివరిగా ఒక మాట చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తి కాదు. పొదుపుగా బతకమని ఇన్ని కాలాలుగా అందరూ చెప్పింది ఆడదానికే. ఇంట్లో అందరికీ పెట్టాక అడుగంటిన కూరతో తినడమే మంచి ఇల్లాలి లక్షణమన్నారు. దాని ఫలితం ఇవాళ కనపడుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. ఇంత వరి పండే రాష్ట్రంలో, ఇన్ని సంఘాలున్న రాష్ట్రంలో!

కాబట్టి పెరటి తోట ఇంటివాళ్లందరికీ పెట్టి మనం నోరు కట్టుకోవడానికి కాదు. దొడ్లో మొదట కోసిన ఆకుకూరలో మొదటి వాటా మనది, మన ఆడపిల్లలది కావాలి. పనిలో కూడా అంతే. నీళ్లు పోయడం, పందిరి కట్టడం మగవాళ్లూ పిల్లలూ పంచుకోవాలి. లేకపోతే కూలి పని, వంట పని, సంఘం పనికి తోడు తోట పని మన నెత్తిన పడ్డ నాలుగో బరువు అవుతుంది. పొదుపు అన్నం మీద కాదు, వృథా మీద చేయాలి.

ఇంతకు ముందు దొడ్డి పోయినప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు మనకు సంఘం ఉంది, సమావేశం ఉంది, తీర్మానం రాసే పుస్తకం ఉంది. అందుకని ఈ ఏడాది ప్రతి సంఘం తన సమావేశంలో మూడు సంగతులు మాట్లాడుకోవాలని కోరుతున్నాం. ఒకటి, సభ్యురాళ్లందరి ఇళ్లలో ఏయే మొక్కలున్నాయో పేర్లు రాసుకోవడం. రెండు, సంఘానికొక విత్తనాల డబ్బా పెట్టి, తీసుకున్న గింజలకు పండాక రెట్టింపు తిరిగిచ్చే పద్ధతి పెట్టుకోవడం. మూడు, దొడ్డి లేని సభ్యురాళ్ల కోసం బడి ఆవరణో, పంచాయతీ ఖాళీ స్థలమో అడిగి, గ్రామ సమాఖ్య తరఫున అర్జీ పెట్టడం. కూరగాయలు కొనకుండా మిగిలిన డబ్బులో కొంతయినా సభ్యురాలి సొంత పేరున పొదుపులో వేసుకుంటే, ఇన్నాళ్లూ ఏ లెక్కలోకీ రాని మన పెరటి కష్టం వచ్చే ఏడాది నివేదిక పట్టికల్లోకి ఎక్కుతుంది.